హద్దు మీద వెలుగు

సూర్యకాంతిని విద్యుత్తుగా మార్చిన చరిత్రను మన పాఠ్యపుస్తకాలు నాలుగు తేదీల్లో ముగిస్తాయి. 1839లో ఫ్రాన్సులో ఎడ్మండ్ బెకరెల్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడు ఆమ్ల ద్రావణంలో ముంచిన లోహపు పలకల మీద వెలుతురు పడితే కరెంటు పుట్టటం గమనించాడు. 1876లో ఇంగ్లండులో ఆడమ్స్, డే అనే ఇద్దరు అదే సంగతిని సెలీనియం అనే ఘనపదార్థంలో చూశారు. 1883లో అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పల్చటి బంగారు పొర పరిచి సౌర ఘటం చేశాడు. 1954లో బెల్ ప్రయోగశాలల్లో చేపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు నూటికి 6 వంతుల కాంతిశక్తిని కరెంటుగా మార్చే సిలికాన్ ఘటాన్ని లోకానికి చూపించారు. అక్కడితో కథ కంచికి వెళ్తుంది.

ఈ కథలో ఒక్క స్త్రీ పేరు కూడా లేదన్నది మనకు కొత్త సంగతి కాదు. బెకరెల్ పనిచేసింది తండ్రి ప్రయోగశాలలో. తండ్రి భౌతిక శాస్త్రవేత్త, కొడుకు భౌతిక శాస్త్రవేత్త, మనవడు హెన్రీ 1903లో నోబెల్ బహుమతి అందుకున్నవాడు. పొలం, ఇల్లు, కొలిమి లాగే ప్రయోగశాల కూడా తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన ఆస్తి. హెన్రీతో ఆ బహుమతి పంచుకున్న మేరీ క్యూరీ పేరు ఫ్రెంచి అకాడమీ పంపిన ప్రతిపాదనలో అసలు లేదు. విషయం ముందుగా తెలిసి భర్త పియరీ పట్టుబట్టాకే ఆమె పేరు చేరింది. ఇవన్నీ మనం చాలాసార్లు చెప్పుకున్న మాటలే. నన్ను ఆలోచింపజేసింది ఇంకొకటి. ఆ నాలుగు తేదీల మధ్య ఏం జరిగింది? ఒక ఘటం 1 శాతం దగ్గర ఎందుకు ఆగిపోయింది, ఇంకొకటి 6 శాతానికి ఎలా వెళ్ళింది? ఆ తేడాను ఎవరు, ఏ పని చేసి తెలుసుకున్నారు? ఈ ప్రశ్న వేసుకుంటే చరిత్ర ఇంకో దారి పడుతుంది. ఆ దారిలో స్త్రీలు ఉన్నారు.

ముందు అసలు విషయం చెప్పుకోవాలి. వెలుతురు పడగానే పదార్థంలో ఎలక్ట్రాన్లు కదలటం మొదలుపెడతాయి. కదిలినంత మాత్రాన కరెంటు రాదు. జాతరలో జనం లాగా తలా ఒక దిక్కుకు తిరిగి మళ్ళీ ఉన్నచోటికే చేరుకుంటాయి. వాటిని ఒక వైపుకు నెట్టే ఏర్పాటు కావాలి. రెండు వేరువేరు గుణాల పొరలు ఒకదానికొకటి ఆనుకున్న చోట, ఆ హద్దు మీద, సహజంగానే ఒక విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రమే ఎలక్ట్రాన్లను ఒక వైపుకు, వాటి ఖాళీలను ఇంకో వైపుకు తోస్తుంది. వోల్టేజి పుట్టేది అక్కడే. రెండు వైపులా ఒకే మూలపదార్థం, అంటే సిలికానే ఉండి, కలిపిన మలినాల్లో మాత్రమే తేడా ఉంటే దాన్ని సజాతి సంధి అనవచ్చు. రెండు వైపులా అసలు వేరే పదార్థాలే ఉంటే అది విజాతి సంధి. భౌతికశాస్త్రం పాఠాల్లో దాన్నే హెటెరోజంక్షన్ అంటున్నాం. వ్యాకరణం చదువుకున్న వాళ్ళకి ఈ సంధి అనే మాట కొత్తగా ఉండదు. రెండు కలిసిన చోట, రెంటిలోనూ విడిగా లేనిది ఒకటి రావటమే దాని అర్థం.

ఇందులో ఆక్సైడ్లది పాత కథ. లోహం గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే ఆక్సైడ్ అవుతుంది. రాగి రేకును వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాల్చి చల్లారిస్తే దాని మీద ఎర్రటి ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొరకూ కింద ఉన్న రాగికీ మధ్య కరెంటు ఒక దిక్కుకు సులువుగా, రెండో దిక్కుకు కష్టంగా పోతుందని అమెరికాలో గ్రాన్‌డాల్, గైగర్ 1920ల్లో చూపించారు. ఆ తర్వాత కొద్ది కాలానికే అదే పొర మీద వెలుతురు పడితే వోల్టేజి పుడుతుందని తేలింది. 1930ల్లో ఫోటోగ్రాఫర్లు వెలుతురు కొలుచుకునే మీటర్లు రాగి ఆక్సైడ్‌తోనూ, సెలీనియంతోనూ తయారయ్యాయి. బ్యాటరీ అక్కర్లేని మీటరు అన్నమాట. మన అమ్మమ్మలు చింతపండు పెట్టి తోమి తోమి రాగి బిందెల మీద నుంచి వదలగొట్టింది కూడా రాగి సమ్మేళనాల పొరనే. ఒకరికి అది మురికి, మరొకరికి అది పరికరం. ఏది మురికో, ఏది పరికరమో నిర్ణయించే గది ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

రాగి ఆక్సైడ్ ఘటాలు 1 శాతం దగ్గరే ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయో తెలుసుకోవాలంటే వెలుతురును మాత్రమే మార్చి చూస్తే చాలదు, ఉష్ణోగ్రతను మార్చి చూడాలి. ఒక సంధి లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపించదు. కానీ దాన్ని చల్లబరుస్తూ, వేడెక్కిస్తూ, ప్రతి కొన్ని డిగ్రీలకూ వోల్టేజి, కరెంటు రాసుకుంటూ పోతే ఆ అంకెల వరస లోపలి సంగతి చెప్పేస్తుంది. వేడి పెరిగే కొద్దీ వెలుతురుతో పనిలేకుండానే పుట్టే ఎలక్ట్రాన్లు ఎక్కువవుతాయి. అవి హద్దు దాటి వెనక్కి కారిపోతాయి. అందుకని వోల్టేజి పడిపోతుంది. మామూలు సిలికాన్ ఘటంలో డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. చల్లబరిస్తే వోల్టేజి పెరుగుతుంది, కానీ ఎంతవరకు? ఆ పదార్థపు స్వభావం పెట్టిన ఒక గీత దాకా. ఇంకా చల్లబరిస్తే ఎలక్ట్రాన్లు మలినాల దగ్గర గడ్డకట్టినట్టు ఆగిపోయి కరెంటే సన్నగిల్లుతుంది. వోల్టేజి తగ్గే తీరు ఒక రకంగా ఉంటే లోపం హద్దు దగ్గర ఉన్నట్టు, ఇంకో రకంగా ఉంటే పొర లోపల ఉన్నట్టు. నాడి పట్టుకుని జబ్బు చెప్పటం లాంటిది ఇది.

ఇలాంటి పనికి ఘనత ఎక్కువ రాదు. ఒకే నమూనా, ఒకే తీగలు, ఉష్ణోగ్రత నిలకడకు వచ్చేదాకా ఎదురుచూపు, ఒక అంకె, మళ్ళీ ఎదురుచూపు. నేను డిగ్రీ చదివిన కాలేజీలో బ్యాండ్ గ్యాప్ ప్రయోగం ఒకటి ఉండేది. డయోడును నూనెలో ముంచి వేడి చేసి, అది చల్లారుతుంటే ప్రతి 5 డిగ్రీలకూ కరెంటు రాసుకోవాలి. బ్యాచికి నలుగురం. సర్క్యూటు కలిపేది, మీటరు సరిచేసేది అబ్బాయిలు. థర్మామీటరు ముందు కూర్చుని అంకెలు రాసుకునేది అమ్మాయిలం. 'మీ రైటింగు బాగుంటుంది కదా' అనేవారు మా డెమాన్‌స్ట్రేటర్. ఈ పంపకం మాకెవరికీ వింతగా తోచలేదు. తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా నేనే ఆ ప్రయోగం చేయించాను కాబట్టి తెలుసు, ఆ ప్రయోగంలో భౌతికశాస్త్రం అంతా ఆ అంకెల్లోనే ఉంటుంది. సర్క్యూటు రెండు నిమిషాల పని. అయినా ప్రయోగం 'చేసింది' ఎవరంటే సర్క్యూటు కలిపినవాళ్ళే.

ఈ పంపకానికి పెద్ద చరిత్ర ఉంది. ఎస్తర్ కాన్‌వెల్ సంగతి చూడండి. 1922లో న్యూయార్కులో పుట్టిన ఈమె రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో విక్టర్ వైస్‌కాఫ్ దగ్గర ఎమ్మెస్సీ పరిశోధన చేసింది. అర్ధవాహకంలో కలిపిన మలినపు అయాన్లు ఎలక్ట్రాన్ దారికి ఎలా అడ్డుపడతాయన్నది ఆమె తీసుకున్న ప్రశ్న. తక్కువ ఉష్ణోగ్రతల్లో ఈ అడ్డే ప్రధానం, వేడి పెరిగాక స్ఫటికపు కంపనాలు ప్రధానం. వేర్వేరు ఉష్ణోగ్రతల్లో ఏ అర్ధవాహకం ఎలా ప్రవర్తిస్తుందో లెక్కగట్టాలంటే ఆ సూత్రం లేనిదే కుదరదు. 1950లో అచ్చయిన ఆ పత్రం పేరుతోనే భౌతికశాస్త్రంలో కాన్‌వెల్–వైస్‌కాఫ్ సూత్రం అన్న మాట నిలిచింది. ఆమె అంతకు ముందు వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరింది. కొద్ది రోజులకే పైవాళ్ళకి ఒక చిక్కు వచ్చిపడింది. జీతాల పట్టికలో ఆడ అసిస్టెంట్ ఇంజనీరుకి కోడు లేదు. పరిష్కారం ఏమిటంటే ఆమెను ఇంజనీరుకి అసిస్టెంటుగా మార్చి జీతం తగ్గించారు. రెండు మాటలు అటూ ఇటూ అయ్యాయి, అంతే. చేసే పని మారలేదు.

ఆ రెండు మాటల తారుమారులో చాలా చరిత్ర దాగుంది. కొలతలు తీసేవాళ్ళు 'సహాయకులు'గా, ఆ కొలతల మీద పరికరం కట్టినవాళ్ళు 'ఆవిష్కర్తలు'గా నమోదవుతారు. తర్వాత చరిత్రకారులు వచ్చి ఆవిష్కర్తల జాబితాలో ఆడవాళ్ళు లేరని విచారం వెలిబుచ్చుతారు.

మారియా టెల్‌కెష్ కథ దీనికి ఇంకో మలుపు. 1900లో బుడాపెస్టులో పుట్టి, అక్కడే భౌతిక రసాయన శాస్త్రంలో 1924లో డాక్టరేటు తీసుకుని, మరుసటి ఏడు అమెరికా వెళ్ళింది. 1939 ప్రాంతంలో ఎంఐటిలో సౌరశక్తి పరిశోధనలో చేరింది. ఆ రోజుల్లో సూర్యుడి నుంచి కరెంటు తియ్యటానికి రెండు దారులున్నాయి. ఒకటి వెలుతురు దారి. రెండోది వేడి దారి, అంటే రెండు వేరు పదార్థాలను అతికి, ఒక అతుకును వేడిగా, రెండో అతుకును చల్లగా ఉంచితే పుట్టే కరెంటు. టెల్‌కెష్ ఈ రెండో దారిలో అప్పటికి ఎవరూ వెళ్ళనంత దూరం వెళ్ళింది. 1954లో ఆమె ప్రచురించిన పత్రంలో మామూలు పలకతో 0.6 శాతం, కటకంతో ఎండను కేంద్రీకరిస్తే 3.35 శాతం సామర్థ్యం చూపించింది. సరిగ్గా అదే ఏడు బెల్ సిలికాన్ ఘటం 6 శాతంతో వచ్చింది. పోటీలో సిలికాన్ గెలిచింది, గెలవాల్సిందే. కానీ ఓడిపోయిన దారిని పాఠ్యపుస్తకం అసలు దారిగానే గుర్తించదు.

టెల్‌కెష్ పేరు ఇంకో ఇంటితో ముడిపడి ఉంది. 1948లో మసాచుసెట్స్‌లోని డోవర్‌లో ఎండతోనే వెచ్చగా ఉండే ఒక ఇల్లు కట్టారు. శాస్త్రం టెల్‌కెష్‌ది, నమూనా వాస్తుశిల్పి ఎలినార్ రేమండ్‌ది, డబ్బూ స్థలమూ శిల్పి అమీలియా పీబాడీవి. ముగ్గురూ స్త్రీలే. పగటి ఎండ వేడిని గ్లాబర్ లవణంలో దాచి రాత్రి ఇంట్లోకి వదలటం ఆలోచన. ఆ లవణం 32 డిగ్రీల దగ్గర కరుగుతూ వేడిని పీల్చుకుంటుంది, గడ్డకడుతూ తిరిగి ఇస్తుంది. రెండు చలికాలాలు గడిచాక లవణం పొరలుగా విడిపోయింది, డబ్బాలు కారాయి. అలా ఆ ప్రయోగం ఆగింది. 1953లో ఎంఐటి ఆమెను సాగనంపింది. ఆ కాలంలో సౌర గృహాల ప్రయోగాలు మగవాళ్ళవీ విఫలమయ్యాయి. వాటిని 'తొలి ప్రయత్నాలు' అన్నారు. పదార్థాన్ని కరిగించి వేడిని దాచే ఆ పద్ధతి మీద ఇప్పుడు లోకమంతా పరిశోధన సాగుతోంది. టెల్‌కెష్‌కి అమెరికా ఆవిష్కర్తల కీర్తిమందిరంలో చోటు 2012లో దొరికింది, ఆమె చనిపోయిన 17 ఏళ్ళకు.

ఇక మన దేశానికి వద్దాం. అన్నా మణి 1918లో తిరువాన్కూరులో కలిగిన సిరియన్ క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. ఎనిమిదో పుట్టినరోజుకి ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం వజ్రాల దుద్దులు ఇవ్వబోతే వద్దని, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అడిగి తీసుకుంది. మదరాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, 1940లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.వి. రామన్ దగ్గర చేరింది. అక్కడ ఆమెకు అప్పగించిన పదార్థం వజ్రం. ముప్ఫైకి పైగా వజ్రాల కాంతి వర్ణపటాలను, అవి ఉష్ణోగ్రతతో మారే తీరును ఆమె నమోదు చేసింది. వజ్రాన్ని ద్రవీకరించిన గాలి చల్లదనంలో ఉంచాలి. దాని నుంచి వచ్చే వెలుగు ఎంత మందమైనదంటే ఫోటో పలక మీద అది పడటానికి 15 నుంచి 20 గంటలు పట్టేది. చాలా రాత్రులు ఆమె ప్రయోగశాలలోనే ఉండిపోయేది.

అది సౌర ఘటం కాదు. కానీ కాంతికీ ఘనపదార్థానికీ మధ్య జరిగే లావాదేవీని ఉష్ణోగ్రత ఎలా మారుస్తుందన్న ప్రశ్న అదే. 1942 నుంచి 1945 వరకు ఆ ప్రశ్న మీద ఆమె ఐదు పత్రాలు ప్రచురించింది. 1945లో సిద్ధాంత గ్రంథం మదరాసు విశ్వవిద్యాలయానికి సమర్పించింది. ఆమెకు ఎమ్మెస్సీ డిగ్రీ లేదు కాబట్టి డాక్టరేటు ఇవ్వటం కుదరదన్నారు. ఆనర్సు పట్టా, పరిశోధన స్కాలర్‌షిప్పు, ఐదు పత్రాలు ఉన్నా డిగ్రీ రాలేదు. ఆమె జీవితాంతం డాక్టర్ అన్నా మణి కాలేదు. రామన్ ప్రయోగశాలలోనే పనిచేసిన సునంద బాయి సంగతి మరీ విషాదం. పదికి దగ్గరగా పత్రాలు రాసి, స్వీడన్ వెళ్ళి పరిశోధన కొనసాగించాల్సిన తరుణంలో ఆమె ప్రాణం తీసుకుంది. ఆమెకీ డాక్టరేటు రాలేదు. రామన్ శిష్యురాళ్ళ ఈ చరిత్రను ఆభా సుర్ వెలికితీసి 2011లో పుస్తకంగా తెచ్చింది. లేకపోతే ఈ పేర్లు మన దాకా వచ్చేవే కావు.

అన్నా మణి ఇంగ్లండు వెళ్ళింది, భౌతికశాస్త్రం చదువుదామని. అక్కడ ఖాళీ ఉన్నది వాతావరణ పరికరాల శిక్షణలో. అదే చేసి 1948లో తిరిగొచ్చి పూనాలో వాతావరణ శాఖలో చేరింది. బ్రిటన్ నుంచి దిగుమతి అయ్యే పరికరాలను ఇక్కడే తయారు చేయించటానికి దాదాపు వంద పరికరాల నమూనా చిత్రాలు సిద్ధం చేయించింది. 1957–58లో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా దేశంలో సౌర వికిరణాన్ని కొలిచే కేంద్రాల వరస నెలకొల్పింది. ఆ కొలతల ఫలితంగా 1980లో, 1981లో రెండు పెద్ద గ్రంథాలు వెలువడ్డాయి. ఏ ఊళ్ళో, ఏ నెలలో, చదరపు మీటరుకు ఎంత ఎండ పడుతుందన్న లెక్క అందులో ఉంది. ఈ దేశంలో సౌర ఇంజనీర్లు లెక్క మొదలుపెట్టిన ఆధార గ్రంథాలు అవే.

ఇక్కడే నాకొక చిక్కు ఎదురవుతుంది. ఆభా సుర్ ముఖాముఖిలో అడిగినప్పుడు అన్నా మణి తన మీద వివక్ష జరిగిందన్న మాటను ఒప్పుకోలేదు. తాను స్త్రీ కావటానికీ, తాను ఎంచుకున్న పనికీ ఏ సంబంధమూ లేదని గట్టిగా చెప్పింది. డాక్టరేటు రాకపోవటం తనకేమీ లోటు కాలేదన్నది. అదే సంభాషణలో, ప్రయోగశాలలో ఆడపిల్లలు మగపిల్లలతో కలిసి చర్చించుకోవటానికి వీల్లేకుండా ఉండేదన్న సంగతీ, పరికరం వాడటంలో స్త్రీ చేసిన చిన్న పొరపాటు కూడా అసమర్థతగా లెక్కకొచ్చేదన్న సంగతీ బయటపడతాయి.

మనం ఆమెను ఎలా చదవాలి? బాధితురాలిగా చదివితే ఆమె మాటను కాదన్నట్టే. ఆమె మాటనే తుదిమాటగా తీసుకుంటే ఆ విశ్వవిద్యాలయపు నిబంధనను మాఫీ చేసినట్టే. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు కూడా ఇలాంటి ప్రశ్నే ఎదురైంది. తెలంగాణా సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన స్త్రీల జ్ఞాపకాల్లో గర్వమూ, తర్వాత మళ్ళీ వంటింటికి పంపేసిన బాధా పక్కపక్కనే వచ్చాయి. ఆ పుస్తకం మనకు నేర్పింది ఒకటుంది. స్త్రీ చెప్పిన మాటను సవరించకుండా అచ్చువేసి, ఆ మాట ఏ పరిస్థితిలో పుట్టిందో పక్కనే పెట్టాలి. అన్నా మణి నిరాకరణ కూడా ఒక సాక్ష్యమే. 'నేను స్త్రీ శాస్త్రవేత్తను కాదు, శాస్త్రవేత్తను' అనగలిగితేనే లోపలికి రానిచ్చిన కాలంలో ఆమె బతికింది. ఆ మాట వెనక ఆత్మగౌరవం ఉంది, ఆ మాట తప్ప మరో మాట చెల్లని వాతావరణమూ ఉంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఓపికగా కొలతలు తియ్యటంలో ఆడవాళ్ళు సహజంగానే నేర్పరులు అనే మాట. స్త్రీవాదులం కూడా ఒక్కోసారి ఈ పొగడ్తకు లొంగిపోతాం. స్త్రీలు కొలతల్లో కనిపించటానికి కారణం ఓపిక కాదు, మిగతా తలుపులు మూసి ఉండటం. కాన్‌వెల్ గీసింది సిద్ధాంతం. టెల్‌కెష్ కట్టింది యంత్రాలు. అన్నా మణి నడిపిన విభాగంలో వందమందికి పైగా మగ ఉద్యోగులు పనిచేశారు. ఓపిక అనేది జీతం తక్కువ ఇవ్వటానికి కనిపెట్టిన బిరుదు. అంకెలు రాసే పనిని ఆడవాళ్ళకి ఇచ్చి, తర్వాత ఆ పనినే చిన్నదని తేల్చటం ఒకే నాణేనికి రెండు ముఖాలు. మనం అడగాల్సింది ఆ పనికి విలువ, ఆ పని నుంచి బయటికి వచ్చే స్వేచ్ఛ, రెండూ.

ఇంకా ఒప్పుకోవాల్సిన నిజం ఒకటుంది. మనకు దక్కిన ఈ పేర్లన్నీ చదువూ సంపదా ఉన్న ఇళ్ళవి. దుద్దులు వద్దనటానికి ముందు దుద్దులు ఉండాలి. ఆ ప్రయోగశాలల్లో గాజు గొట్టాలు ఊదిన చేతులు, నేల తుడిచిన చేతులు, ద్రవ గాలి మోసుకొచ్చిన చేతులు ఏ పత్రంలోనూ కృతజ్ఞతల వరసలోకి కూడా రాలేదు. కులం, వర్గం దాటి ప్రయోగశాల గడప తొక్కటం ఈనాటికీ ఎంత కష్టమో మన విశ్వవిద్యాలయాల్లో పిల్లల్ని చూస్తే తెలుస్తుంది.

ఆక్సైడ్ల కథ మధ్యలో ఆగిపోలేదు. 2004లో ఒటోమో, హ్వాంగ్ అనే శాస్త్రవేత్తలు లాంథనం అల్యూమినేటు, స్ట్రాన్షియం టైటనేటు అనే రెండు ఆక్సైడ్లను అణువుల వరస చెదరకుండా ఒకదాని మీద ఒకటి పేర్చారు. విడివిడిగా రెండూ కరెంటును పోనివ్వని బంధకాలే. అవి కలిసిన హద్దు మాత్రం లోహంలా కరెంటును పోనిచ్చింది. అదే దశాబ్దంలో మాంగనీసు ఆక్సైడ్లను టైటనేటుతో కలిపిన విజాతి సంధుల మీద వెలుతురు వేసి వోల్టేజి కొలిచే పరిశోధన ఊపందుకుంది. ఈ మాంగనీసు ఆక్సైడ్లు విచిత్రమైనవి. లాంథనం, స్ట్రాన్షియం తగు పాళ్ళలో కలిపినవి దాదాపు 370 కెల్విన్ల దాకా, అంటే నీళ్ళు మరిగే వేడికి కాస్త తక్కువ దాకా, అయస్కాంతాలుగా ఉంటాయి. స్ట్రాన్షియం బదులు కాల్షియం కలిపితే గది ఉష్ణోగ్రత కంటే ముందే ఆ గుణం పోతుంది. అయస్కాంత గుణం మారితే కరెంటు పోయే తీరూ మారుతుంది. అందుకని ఉష్ణోగ్రత మారుస్తూ వీటి వోల్టేజిని గీస్తే, సిలికాన్‌లో లాగా తిన్నని గీత రావాలనేం లేదు. పదార్థం లోపలి మార్పు ఆ గీత వంపులో తెలుస్తుంది. మళ్ళీ అదే పని, ద్రవ నైట్రోజన్ చల్లదనం నుంచి గది వేడిమి దాకా, డిగ్రీ డిగ్రీకీ ఒక అంకె. బీజింగ్‌లోని చైనా విజ్ఞాన అకాడమీ భౌతికశాస్త్ర సంస్థలో ఈ ఆక్సైడ్ సంధుల మీద పనిచేసిన బృందాల్లో ఒకదానికి ముందు నిలిచిన కుయ్‌జువాన్ జిన్ ఒక స్త్రీ. వెలుతురు పడినప్పుడు ఎలక్ట్రాన్లూ వాటి ఖాళీలూ వేర్వేరు వేగాలతో వ్యాపించటం వల్ల కూడా వోల్టేజి పుడుతుందని, ఈ సంధుల్లో దాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఆమె బృందం చూపింది. ఇక్కడ స్త్రీ సహాయకురాలు కాదు, ప్రశ్న వేసిన మనిషి.

ఎర్ర రాగి ఆక్సైడ్ కూడా తిరిగొచ్చింది. దాన్ని జింకు ఆక్సైడ్ జాతి పొరతో జోడించి జపాన్‌లో చేసిన విజాతి ఘటం 2016లో 8 శాతం దాటింది. సిలికాన్‌తో పోలిస్తే తక్కువే. కానీ 1930ల్లో 1 శాతం దగ్గర వదిలేసిన దారి నిజంగా మూసుకుపోయిన దారి కాదని తేలింది.

ఇదంతా మనకెందుకు అనుకునే వాళ్ళకి ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల ఊళ్ళ పేర్లు చెప్తాను. 2017లో అక్కడ 1000 మెగావాట్ల సౌర పార్కు సిద్ధమైంది. సౌర పలకకు కంపెనీ రాసిచ్చే సామర్థ్యం 25 డిగ్రీల దగ్గర కొలిచింది. రాయలసీమ వేసవిలో పలక 60 డిగ్రీలు దాటి కాగుతుంది. డిగ్రీకి 0.4 శాతం చొప్పున లెక్కేసుకున్నా ఏడో వంతు కరెంటు వేడికే పోతుంది. ఎండ ఎక్కువున్న చోటే కరెంటు ఎక్కువ అనుకునేవాళ్ళకి ఇది చేదు నిజం. వేడిని తట్టుకునే సంధుల కోసం వెతుకులాట మన ఎండకు సంబంధించిన ప్రశ్న. ఆ భూముల్లో ఇంతకు ముందు కూలికి వెళ్ళిన ఆడవాళ్ళకి ఆ కరెంటులో వాటా ఏమిటన్నది మన రాజకీయాలకు సంబంధించిన ప్రశ్న. రెండు ప్రశ్నలనీ విడదీసి ఒకటి శాస్త్రవేత్తలకూ, రెండోది కార్యకర్తలకూ అప్పగించటం నాకు ఇష్టం లేదు.

రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ పల్లెటూరి స్త్రీలకు, అందులో అమ్మమ్మలకు, సౌర దీపాల సర్క్యూట్లు అతకటం నేర్పింది. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన స్త్రీలు భాష తెలియకపోయినా రంగుల గుర్తులతో ఆరు నెలల్లో నేర్చుకుని వెళ్ళారు. వాళ్ళను ఇంజనీర్లు అన్నారు. ఆ మాట విని నవ్వినవాళ్ళు లేకపోలేదు. నాకు మాత్రం జీతాల పట్టికలో కోడు లేదన్న మాట గుర్తొస్తుంది. ఎవరిని ఇంజనీరు అనాలి, ఎవరిని ఇంజనీరుకి అసిస్టెంటు అనాలి అన్నది చేతిపని చూసి తేల్చిన విషయం ఎప్పుడూ కాదు.

శాస్త్ర చరిత్ర రాసే మన స్నేహితురాళ్ళకి నాదొక్కటే కోరిక. ఆవిష్కర్తల జాబితాలో ఇంకొక స్త్రీ పేరు చేర్చటంతో ఆగకండి. పత్రాల చివర సన్నటి అక్షరాల్లో ఉండే కృతజ్ఞతలు చదవండి. ప్రయోగశాల పుస్తకాల్లో చేతిరాతలు చూడండి. నమోదు పట్టికల్లో మారిపోయిన హోదాలను వెతకండి. ఇప్పుడు మన ఊళ్ళ కాలేజీల్లో, పరిశోధన సంస్థల్లో, పలకల ఫ్యాక్టరీల్లో కొలతలు తీస్తున్న ఆడపిల్లల్ని వాళ్ళు బతికుండగానే అడగండి. వాళ్ళు వివక్ష లేదని చెప్తే అది కూడా రాసుకోండి. ఈసారి మీ మేడ మీద సౌర పలక పెట్టించుకున్నప్పుడు దానితో వచ్చే కాగితం ఒకసారి తిరగెయ్యండి. ఉష్ణోగ్రత గుణకం అని, పక్కన మైనస్ గుర్తుతో చిన్న అంకె ఉంటుంది. డిగ్రీకి ఎంత శాతం పోతుందో చెప్పే అంకె అది. దాన్ని ఎవరో థర్మామీటరు ముందు కూర్చుని రాసుకున్నారు.